కరెంటు చాలాసేపు పోయి వచ్చాక రీఫ్ ట్యాంకులో (పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ఏది ముందు ఆన్ చెయ్యాలి?

ముందు వేవ్‌మేకర్, అంటే ట్యాంకులో నీళ్లను కదిలించే పంపు. నీటి పైపొర బాగా కదిలేలా దాన్ని పైకి తిప్పండి. వేడి, చలి కన్నా ముందే చేపల్ని చంపేది ఆక్సిజన్ కొరత. తర్వాత రిటర్న్ పంపు, అంటే సంప్ (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) నుంచి నీళ్లను పైకి పంపేది. సంప్‌లో నీటిమట్టం మామూలు స్థాయికి దిగాక, ఓ పావుగంట ఆగి స్కిమ్మర్ (నురగతో నీటిలోని మురికిని లాగే పరికరం) పెట్టండి. తొందరపడితే దాని నురగ పట్టే కప్పు పొంగి మురికంతా మళ్లీ నీళ్లలోకే వస్తుంది.

క్యానిస్టర్ ఫిల్టర్‌కు (ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) మాత్రం నేరుగా స్విచ్ వెయ్యకండి. గంటల తరబడి కదలని నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి, బాక్టీరియా చచ్చి, అమ్మోనియా పోగవుతుంది. ఒక్కోసారి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కూడా. మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అదే. ఆ నీళ్లు పారబోసి, మీడియాను (ఫిల్టర్ లోపలి వడపోత సరుకును) ఉప్పునీటితోనే కడగండి.

హీటర్ పూర్తిగా మునిగిందో లేదో చూడండి, పొడిగా వేడెక్కితే గాజు పగులుతుంది. నీళ్లు చల్లబడి ఉంటే గంటకు 1 డిగ్రీ సెల్సియస్ మించకుండా సెట్టింగ్ పెంచుకుంటూ పోండి.

అమ్మోనియా కొలవడం మానకండి. నీటికి గాలి ఆడగానే పీహెచ్ పెరిగి, అంతవరకు పెద్దగా హాని చెయ్యని అమ్మోనియా విషరూపంలోకి మారుతుంది. కనబడితే 20–25 శాతం నీళ్లు మార్చండి. కొత్త నీళ్ల ఉప్పదనం, ఉష్ణోగ్రత ట్యాంకుతో సరిపోవాలి. ఆ రోజుకు మేత వద్దు. డోసింగ్ పంపు (ద్రావణాలను కొలత ప్రకారం ట్యాంకులో వేసేది) టైమర్ కూడా సరిచూడండి, కరెంటు పోతే కొన్ని మొదటికొస్తాయి.