యూరియా కలిపితే నీళ్లెందుకు చల్లబడతాయి?

ప్రశ్న: పత్తికి పిచికారీ చేద్దామని బకెట్‌లో యూరియా కలుపుతుంటే నీళ్లు చల్లబడిపోతున్నాయి. చివర్లో వేసిన గుళికలు ఓ పట్టాన కరగవు. పైన జిడ్డు తేలుతోంది. కల్తీ యూరియానా?
– పత్తి రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: ఈ మూడు లక్షణాలూ మంచి యూరియాలోనూ కనిపిస్తాయి. వీటిని చూసి కల్తీ అనలేం.

నీటి అణువు తిన్నగా ఉండదు, 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది కాబట్టి అటు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం చేరతాయి. అందుకే నీటిని ధ్రువ పదార్థం అంటాం. యూరియా కూడా ధ్రువ పదార్థమే. దాని ఆక్సిజన్‌ను నీటి హైడ్రోజన్లూ, దాని హైడ్రోజన్లను నీటి ఆక్సిజనూ పట్టుకుని గుళిక అంచు నుంచి ఒక్కో అణువునే ఊడదీస్తాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కిలోకు పైగా కరుగుతుంది.

కానీ గుళికలో యూరియా అణువులు ఒకదాన్నొకటి గట్టిగానే పట్టుకుని ఉంటాయి. వాటిని విడదీయడానికి అయ్యే శక్తి, నీటితో కొత్త బంధాలు ఏర్పడి వచ్చే శక్తి కంటే ఎక్కువ. ఆ లోటు నీళ్ల వేడి నుంచే తీరాలి. గ్రాము యూరియాకు సుమారు 250 జౌళ్ల (జౌల్ శక్తికి కొలమానం) వేడి పోతుంది. 16 లీటర్ల ట్యాంకుకు 2 శాతం లెక్కన 320 గ్రాములు కావాలి. అంతా 2 లీటర్లలో వేస్తే నీళ్ల ఉష్ణోగ్రత ఉన్నదానికంటే 9 డిగ్రీల దాకా తగ్గుతుంది. చల్లటి నీళ్లలో కరగడం నెమ్మదిస్తుంది, చివరి గుళికలు మొండికేసేది అందుకే. 4-5 లీటర్లు తీసుకుని, రెండు మూడు విడతలుగా వేస్తూ కలపండి. ఎండకు వెచ్చబడిన నీళ్లైతే ఇంకా మంచిది. మరిగే నీళ్లు మాత్రం వద్దు, కొంత యూరియా విడిపోయి అమ్మోనియాగా పోతుంది.

ఇక జిడ్డు. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకంతా వేపనూనె పూత తప్పనిసరి. నూనె అణువుల్లో పొడవాటి కార్బన్ గొలుసులే ఎక్కువ, నీటికి పట్టు చిక్కేంత ఆవేశం వాటికి లేదు. అదే బకెట్‌లో యూరియా కరిగి, నూనె తేలడం ఇందుకే. పలుచటి గుడ్డతో వడగట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది.

ప్రశ్న: డీఏపీ రాత్రంతా నానబెట్టినా అడుగున మడ్డి మిగులుతోంది. వేడి చేస్తే కరుగుతుందా?
– మినుము రైతు, కృష్ణా జిల్లా

జవాబు: కరగదు. డీఏపీలో అసలు ఎరువైన అమ్మోనియం ఫాస్ఫేట్ రాత్రికే నీళ్లలోకి దిగిపోతుంది. మిగిలేది ఎక్కువగా ఇనుము, అల్యూమినియం ఫాస్ఫేట్లు. వీటిలోనూ ఆవేశాలున్నాయి, అయితే అయాన్ల (ఆవేశమున్న కణాల) మధ్య పట్టు నీరు విడదీయలేనంత గట్టిది. బోరునీళ్లు కఠినజలమైతే అందులోని కాల్షియం కూడా ఫాస్ఫేట్‌ను పట్టుకుని తెల్లగా అడుగుకు దిగుతుంది. కాల్షియం నైట్రేట్‌ను డీఏపీతో ఒకే ట్యాంకులో కలపకూడదన్నదీ ఇందుకే. పైన తేరిన నీళ్లు మాత్రమే వంచి వడగట్టుకుని, మడ్డిని చేలో పారబోయండి.