పాఠకుల ప్రశ్నలు – జవాబులు: గ్యాస్ బండ, బీరువా, గడ్డి ట్రాక్టరు

ప్రశ్న: మా నాన్నగారు ధాన్యం మిల్లులో కళాసీగా పనిచేసేవారు. 50 కిలోల బస్తాను వీపు మీద వేసుకుని అవలీలగా నడిచేవారు. మొన్న నేను గ్యాస్ బండను వంగి ఎత్తబోతే నడుము పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు. బస్తాకన్నా బండ తేలికే కదా, లోపం నా ఒంట్లోనే ఉందా? – ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: మీ నాన్నగారి కండబలాన్ని తక్కువ చేయను గాని, ఇక్కడ ముందుగా చూడవలసింది బరువుకూ మీ వెన్నుకూ మధ్య ఉన్న దూరాన్ని. నిండు బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది, ఖాళీ బండ మరో 15 కిలోల పైచిలుకు తూగుతుంది కాబట్టి మొత్తం 30 కిలోలు అనుకుందాం. ఒక బరువు తన ఆధారం చుట్టూ ఎంత గట్టిగా తిప్పాలని చూస్తుందో తెలియాలంటే, ఆ బరువును ఆధారం నుంచి దానికున్న లంబదూరంతో గుణించాలి. పాఠ్యపుస్తకాలు దీనిని బలభ్రామకం అంటాయి, ఇంజనీర్లు టార్క్ అంటారు. విజయనగరం వైపు వారు దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగించే పొడవాటి మాను, అంటే సిరిమాను, కొనన కూర్చున్న పూజారి, ఆధారానికి 40 అడుగుల దూరంలో ఉన్నారనుకుంటే, ఆ ఒక్కరి బరువుకు సరితూగడానికి మొదలు వైపు 4 అడుగుల దూరంలో అంతేసి బరువున్న పదిమంది కావాలి. మాను సొంత బరువు సంగతి వేరే లెక్క.

మీ ఒంట్లో ఆ ఆధారం నడుము అడుగునున్న పూసల దగ్గర ఉంటుంది. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి పట్టుకున్నప్పుడు బండ ఆ కీలుకు సుమారు 45 సెంటీమీటర్ల ముందు ఉంటుంది. మీరు 60 కిలోల మనిషి అయితే 35 కిలోల దాకా ఉండే మీ పైదేహం బరువు కూడా 25 సెంటీమీటర్ల ముందుకు పోయి బండతో చేయి కలుపుతుంది. 30ని 45తో, 35ను 25తో గుణించి కలిపితే 2225 వస్తుంది. దీనిని నిలవరించవలసిన వెన్ను కండరాలు కీలుకు వెనుక 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి కనుక, అవి 445 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి. ఆ లాగుడు దాదాపు మొత్తం పూసల నడుమనున్న డిస్కుల మీద నొక్కుడుగా పడుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఈ నొక్కుడుకు పెట్టుకున్న హద్దు 3400 న్యూటన్లు, అంటే దాదాపు 350 కిలోల బరువు. మీరు 30 కిలోల బండ ఎత్తబోయి ఆ హద్దు దాటేశారు. కండరం తాను మోసే బరువుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ బలంతో లాగవలసి వస్తుందని 17వ శతాబ్దంలోనే ఇటలీకి చెందిన శాస్త్రవేత్త బొరెల్లి లెక్కగట్టాడు. 1679లో ఆయన పోయిన తరువాతే ఆ లెక్కలున్న గ్రంథం అచ్చయింది.

మీ నాన్నగారి బస్తాను ఇద్దరు ఎత్తి వీపుకెత్తి ఉంటారు. అప్పుడు ఆయన కొద్దిగా ముందుకు వాలితే చాలు, బస్తా బరువు గీత వెన్ను మీదుగానే పాదాల మధ్యకు దిగుతుంది, దూరం ఇంచుమించు సున్నా అవుతుంది. అలాగని బస్తా మోత క్షేమమని నేను అనను: అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తే బరువు 23 కిలోలు మించకూడదని అదే సంస్థ 1991 నాటి సూత్రం చెబుతుంది. మీరు ఇకమీదట మోకాళ్లు వంచి, బండను పొట్టకు ఆనించుకుని లేవండి. నడుము మీద పడే నొక్కుడు బాగా తగ్గుతుంది. ఇంకా మేలైన పని, దానిని కాస్త వాల్చి అంచు మీద దొర్లించుకుంటూ తీసుకుపోవడం. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరి పట్టినా ఈ లెక్కలు పక్కనపెట్టి వైద్యుని చూడాలి.

ప్రశ్న: సంక్రాంతి సున్నాల తరువాత ఇనుప బీరువాను నడుము ఎత్తులో చేతులు పెట్టి ముందు నుంచి తోస్తే వెనక్కి వాలింది, పక్క నుంచి తోస్తే చక్కగా జరిగింది. ఎందుకు? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తోసినప్పుడు బీరువా ముందు రెండు పనుల్లో ఒకటి ఎంచుకోవాలి. నేలతో ఉన్న ఘర్షణను మీ తోపు ముందుగా గెలిస్తే జరుగుతుంది. అవతలి అంచు చుట్టూ మీ తోపు చూపే టార్క్ బీరువా బరువు చూపే టార్క్‌ను ముందుగా మించితే వాలుతుంది. లెక్క తేలేసరికి చేతులు పెట్టే ఎత్తుకు ఒక హద్దు వస్తుంది: తోసే దిశలో బీరువా కొలతలో సగాన్ని ఘర్షణ గుణకంతో, అంటే జరపడానికి బీరువా బరువులో ఎన్నో వంతు బలం కావాలో చెప్పే సంఖ్యతో, భాగించాలి. లోతు 45 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే ముందు నుంచి తోయడానికి హద్దు 56 సెంటీమీటర్లు, మోకాలికి కాస్త పైన. వెడల్పు 90 సెంటీమీటర్లు కాబట్టి పక్క నుంచి హద్దు 112 సెంటీమీటర్లు, అందుకే నడుము ఎత్తు సరిపోయింది. విచిత్రమేమంటే, ఈ హద్దులో బీరువా బరువు ఎక్కడా కనిపించదు. పట్టుచీరలన్నీ తీసేసినా తోయడం తేలికవుతుందే గాని హద్దు మారదు. కాళ్ల కింద పాత దుప్పటి పరిచి ఘర్షణను సగానికి తగ్గిస్తే మాత్రం హద్దు రెట్టింపవుతుంది. ఒకసారి వాలడం మొదలైతే 195 సెంటీమీటర్ల బీరువాకు 13 డిగ్రీలు దాటగానే తిరుగుముఖం ఉండదు, పై అరలో బరువులుంటే ఇంకా ముందే పడుతుంది. తలుపు పట్టుకుని వేలాడే పిల్లలున్న ఇంట్లో దానిని గోడకు బిగించి ఉంచండి.

ప్రశ్న: వంశధార కాలువ గట్టు మీద బస్తాల ట్రాక్టరు నిలకడగా పోతుంది, అంతకన్నా తేలికైన గడ్డి ట్రాక్టరు పక్కకు ఒరుగుతుంది, ఏమిటి కారణం? – ఒక రైతు, నరసన్నపేట

జవాబు: తొట్టె చక్రాల నడుమ దూరం 150 సెంటీమీటర్లు అనుకోండి. మొత్తం బరువు ఒక్కచోటే ఉన్నట్టు పనిచేసే బిందువును గరిమనాభి అంటారు, అది చక్రం మీదుగా అవతలికి దాటితే బండి పడుతుంది. బస్తాలు వేసినప్పుడు గరిమనాభి నేలకు ఒక మీటరు ఎత్తులో ఉంటే తొట్టె 37 డిగ్రీలు ఒరిగితే గాని పడదు. గడ్డి ఇంటి కప్పంత ఎత్తుకు పేర్చి గరిమనాభిని 180 సెంటీమీటర్లకు లేపితే 23 డిగ్రీలకే పడుతుంది. పైగా తాడు వదులైతే గడ్డి తానే వాలువైపు జారి, ఉన్న కాస్త హద్దునూ తినేస్తుంది. మెత్తటి గట్టు మీద ఒక చక్రం దిగబడితే ఆ 23 డిగ్రీలు చేరడానికి ఎంతోసేపు పట్టదు కనుక, ఒక వరుస తక్కువ పేర్చి మరో తిరుగుడు వేసుకోండి.