విపత్తు బాధితులకు ఆధ్యాత్మిక ఆసరా: వెళ్లేముందు వినడం నేర్చుకోండి

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. సైకాలజీ నా సబ్జెక్టు. భూకంపాలు, వరదలు వచ్చినప్పుడు బాధితులకు ఆధ్యాత్మికంగా అండగా నిలిచే వాలంటీర్లు ఉంటారని తెలిసింది. చిన్నప్పటి నుంచి భక్తి గ్రంథాలు చదివాను, నలుగురిలో బాగా మాట్లాడగలను. ఈ పనిలోకి వెళ్లాలని గట్టిగా అనిపిస్తోంది. నాన్నగారు మాత్రం ‘పుణ్యం సరే, బతుకుతెరువు ఎలా?’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. విపత్తుల్లో ఈ సేవ చేసేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లు. వాళ్ల జీతం వేరే ఉద్యోగం నుంచి వస్తుంది. అయితే ఇదే నైపుణ్యంతో ఏడాది పొడవునా పనిచేసే వృత్తి కూడా ఉంది. ఆసుపత్రుల్లో, సైన్యంలో, జైళ్లలో ఉండే చాప్లెయిన్లది, అంటే అక్కడివాళ్లకు ఆధ్యాత్మికంగా తోడుండేవాళ్లది, అదే. ఆ దారి గురించి చెబుతాను కానీ, అంతకన్నా ముందు మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. బాగా మాట్లాడగలగడం మీ బలమని రాశారు. ఈ పనిలో మాట్లాడాల్సింది చాలా తక్కువ.

పునరావాస శిబిరంలో ఒకావిడ మీ చెయ్యి పట్టుకుని ‘నేనేం పాపం చేశానని దేవుడు నా బిడ్డను తీసుకుపోయాడు?’ అని అడుగుతుంది అనుకోండి. చదివిన గ్రంథాలన్నీ ఆ క్షణంలో నాలుక మీదికి వస్తాయి. కర్మ అనో, దేవుడి పరీక్ష అనో, మంచివాళ్లను త్వరగా తీసుకెళ్తాడనో అనాలనిపిస్తుంది. ఒక్కటీ అనకండి. మీరు ఎంత ప్రేమగా కర్మ సిద్ధాంతం చెప్పినా ‘అవును, నీ పాపమే’ అన్నట్టు ఆవిడకు వినిపిస్తుంది. ‘మీరైనా బతికి బయటపడ్డారు కదా’ అన్నా అంతే, బతికినందుకే ఆవిడ లోపల కుమిలిపోతూ ఉండొచ్చు. ‘బిడ్డ పేరేంటమ్మా?’ అని అడగండి. చెప్పినంతసేపూ వినండి. చెప్పకపోతే పక్కన కూర్చోండి. జరిగిందంతా చెప్పమని తవ్వకండి. బాధితుల చేత ఘటనను ఒకే సిట్టింగులో పూసగుచ్చినట్టు చెప్పిస్తే మనసు తేలికపడుతుందని ఒకప్పుడు నమ్మేవారు. దానివల్ల ప్రయోజనం కనిపించకపోవడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ పద్ధతి వద్దంటోంది.

ప్రార్థన చేయమని ఆవిడే అడిగితే ఆవిడ నమ్మకం ప్రకారం జరగాలి. మీకు తెలియని మతమైతే ఆ మతానికి చెందిన పెద్దలను వెతికి తీసుకురావడమే మీ సేవ. దేవుణ్ని నమ్మని మనిషి ఎదురైతే ప్రార్థన ఊసెత్తకుండా తోడుండాలి. మరొకరు దేవుణ్ని తిట్టిపోస్తారు. తిట్టనివ్వండి. ఆయన తరఫున వాదించడానికి మనం అక్కడికి వెళ్లం.

మత ప్రచారం విషయంలో నేను కఠినంగానే చెబుతాను. అన్నీ పోగొట్టుకుని, పక్కవాళ్ల సాయం మీద ఆధారపడ్డ మనిషి ‘వద్దు’ అనే స్థితిలో ఉండడు. ఆ సమయంలో మన నమ్మకాన్ని అతని మీద పెట్టడం అన్యాయం. రెడ్‌క్రాస్, మరికొన్ని సహాయ సంస్థలు కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళి కూడా ఇదే చెబుతుంది: ఏ రాజకీయ, మత దృక్పథాన్నీ ముందుకు తీసుకెళ్లడానికి సహాయాన్ని వాడుకోకూడదు.

ఈ పని ఎలా ఉండాలో చూపించడానికి జపాన్ ఉదాహరణ నాకు బాగా ఇష్టం. 2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చాక తైయో కనెతా అనే బౌద్ధ గురువు బాధితుల తాత్కాలిక నివాసాల దగ్గర సంచార కేఫ్ నడిపారు. వచ్చినవాళ్లకు టీ ఇచ్చి, వాళ్లు చెప్పుకున్నది వినడమే అక్కడ జరిగేది. ఆ అనుభవాల నుంచే 2012లో తొహోకు యూనివర్సిటీలో వేర్వేరు మతాల గురువులకు కలిపి శిక్షణ మొదలైంది. ఏళ్ల తరబడి ప్రవచనాలు చెప్పినవాళ్లు కూడా అక్కడికి వినడం నేర్చుకోవడానికే వస్తారు.

బయటివాళ్లకు కనిపించని పని ఇంకొకటుంది. పెద్ద విపత్తు తర్వాత మృతదేహాల వల్ల అంటువ్యాధులు వస్తాయన్న భయంతో అధికారులు హడావుడిగా సామూహిక ఖననాలు, దహనాలు చేయిస్తుంటారు. నిజానికి ప్రకృతి విపత్తులో గాయాలతోనో, నీట మునిగో చనిపోయినవారి దేహాల వల్ల అంటువ్యాధులు ప్రబలే ప్రమాదం చాలా తక్కువ. కాబట్టి గుర్తింపు పూర్తయ్యేవరకు ఆగవచ్చు, కుటుంబానికి చూపించవచ్చు, వాళ్ల ఆచారం ప్రకారం సాగనంపనివ్వవచ్చు. ఈ సంగతి తెలిసిన వాలంటీరు అధికారులతో మర్యాదగా మాట్లాడి ఒక్క పూట గడువు సంపాదించినా, ఆ కుటుంబానికి అది జీవితాంతం మిగిలే ఊరట. దేహమే దొరకని కుటుంబాలకు కర్మకాండ ఎలా జరపాలో వాళ్ల పెద్దలతో కలిసి ఆలోచించడం కూడా ఈ పనిలో భాగమే. గుర్తుపట్టడానికి వెళ్లే తండ్రి వెంట మార్చురీ దాకా నడిచి, బయటికొచ్చాక కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి నీళ్లు చూడటం నా దృష్టిలో ఏ ప్రవచనానికీ తీసిపోదు.

ఇక శిక్షణ. మొదట ‘సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్’ నేర్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరో రెండు సంస్థలు కలిసి 2011లో తెచ్చిన గైడు దీనికి ఆధారం. పరిస్థితిని గమనించడం, వినడం, కావలసిన సహాయంతో మనిషిని కలపడం అందులో నేర్పేవి. ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు కూడా ఉన్నాయి, కొద్ది రోజుల్లో అయిపోతాయి. కోర్సు పూర్తికాగానే అంతా వచ్చేసిందనుకోవద్దు. చచ్చిపోవాలని ఉందన్న మనిషినీ, రోజుల తరబడి తిండీ నిద్రా మానేసిన మనిషినీ వెంటనే డాక్టరుకు అప్పగించాలి. ఆ హద్దు ఎక్కడుందో సైకాలజీ చదివిన మీకు మిగతావాళ్లకన్నా త్వరగా అర్థమవుతుంది.

తర్వాత, విపత్తు కోసం ఎదురుచూడకుండా దగ్గర్లోని పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులతో ఉన్నవాళ్ల బాధను తగ్గించే సంరక్షణ) కేంద్రంలో వారానికో పూట వాలంటీరుగా చేరండి. మౌనంగా కూర్చోగలరా లేదా అన్నది మీకు అక్కడ తేలిపోతుంది. విపత్తు వచ్చాక టీవీలో చూసి బ్యాగు సర్దుకుని ఒంటరిగా బయల్దేరడం మాత్రం వద్దు. పేరు నమోదు లేకుండా వచ్చినవాళ్లకు కూడా తిండి, పడక, భద్రత చూడాల్సిన భారం అక్కడివాళ్ల మీదే పడుతుంది. ముందే ఏదైనా సంస్థలో చేరి ఉంటే, పిలుపు వచ్చినప్పుడు జట్టుతో వెళ్తారు, మీ పైన సూపర్‌వైజర్ ఉంటారు. ఈ మధ్యే మీ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే కొంతకాలం ఆగండి.

నాన్నగారికి చెప్పాల్సిన భాగం ఇది. డిగ్రీ తర్వాత క్లినికల్ సైకాలజీ, కౌన్సెలింగ్, సోషల్ వర్క్‌లలో ఒకదాంట్లో పీజీ చేయండి. జీతం దాని మీద వస్తుంది, విపత్తు సేవకు కూడా అదే చదువు పనికొస్తుంది. నా ఓటు సోషల్ వర్క్‌కే, ఎందుకంటే శిబిరంలో మనిషికి ధైర్యంతో పాటు రేషనూ కాగితాలూ కూడా కావాలి. పూర్తిస్థాయి చాప్లెయిన్ కావాలంటే దారి పొడవైనది. ఉదాహరణకు అమెరికాలో బోర్డు సర్టిఫికేషన్‌కు పీజీ స్థాయి చదువుతో పాటు క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ (ఆసుపత్రుల్లాంటి చోట్ల పనిచేస్తూ ఆధ్యాత్మిక సేవ నేర్చుకునే శిక్షణ) 4 యూనిట్లు, అంటే 1,600 గంటలు పూర్తిచేయాలి. ఆ శిక్షణలో ఉన్నవాళ్లు రోగితో జరిగిన సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాసుకొచ్చి, తోటి విద్యార్థుల ముందు పెడతారు. ఎక్కడ మాట మార్చారు, ఎక్కడ భయపడి ప్రార్థన మొదలెట్టేశారు అని వాళ్లు విప్పి చూపిస్తారు. ఈ అలవాటు మీరు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, పేర్లు మాత్రం రాయకండి.

సంస్థను ఎంచుకునేటప్పుడు మొహమాటపడకుండా రెండు ప్రశ్నలు అడగండి: ‘వేరే మతం వాళ్లు, మతం లేనివాళ్లు ఎదురైతే మీ వాలంటీర్లు ఏం చేస్తారు? తిరిగొచ్చాక వాలంటీర్ల బాగోగులు ఎవరు చూస్తారు?’ రెండింటికీ సూటిగా సమాధానం రాకపోతే మరో సంస్థ చూసుకోండి.