నీ చేపకు ఒక పగ కావాలి

అమ్మాయ్,

కథ అందింది. వాక్యం బాగా నడుస్తోంది, దీవి కళ్ళకు కట్టింది. నా పేచీ అంతా నీ ఏడు తోకల చేపతోనే. చీకట్లో వెలుగుతుంది, మాట్లాడుతుంది, రోగాలు మాన్పుతుంది, తుపాను ఆపుతుంది. అన్నీ చేసిపెట్టే దేవుడితో కథేం నడుస్తుంది? ఆపద వచ్చినప్పుడల్లా అది పైకి తేలుతుంటే మూడో పేజీకే పాఠకుడికి భయం పోయింది. పాపం దీవి జనానికి దణ్ణాలు పెట్టడం తప్ప పనే లేదు.

ఫిజీలో దాకువంగ అని సొరచేప దేవుడున్నాడు. ఒక్కో దీవి పగడపు దిబ్బను కాసే దైవాన్ని ఓడించుకుంటూ, మదమెక్కి కండావు దీవి మీదికి పోయాడట. అక్కడ కాపలా ఉన్నది ఆక్టోపస్. కొన్ని చేతులతో పగడాన్ని పట్టుకుని, మిగిలిన చేతులతో సొరను చుట్టి నులిమేసింది. ఊపిరాడక దాకువంగ శరణన్నాడు. కండావు వాళ్ళ జోలికి ఇక రానని మాటిచ్చి బయటపడ్డాడు. అందుకే తమకు సొరల భయం లేదంటారు అక్కడి జాలరులు. వేటకు పోయేముందు యంగోన (మిరియపు జాతి మొక్క వేరు దంచి నీళ్ళలో కలిపే పానీయం) ఒక చిప్పెడు ఆయన పేర సముద్రంలో పోయడం ఆచారం. చూశావా, అంత భక్తికీ మూలం ఆ దేవుడి ఓటమి. నీ చేప ఎవరి చేతిలో ఓడింది? ఏమని మాటిచ్చింది?

అదే దీవిలో నమువానా అనే ఊరుంది. ఆడవాళ్ళు గుట్టమీద నిలబడి పాట పాడితే కింద అఖాతంలో పెద్ద తాబేళ్ళు పైకి తేలతాయంటారు. పూర్వం ఆ ఊరి తల్లీకూతుళ్ళు దిబ్బ మీద చేపలు పడుతుంటే నంబుకెలేవు ఊరి మగవాళ్ళు కట్టి పడవలో వేసుకుపోయారు. సముద్రం పొంగింది. పడవలోని ఇద్దరూ తాబేళ్ళయ్యారు. హడలిపోయి వాళ్ళను నీళ్ళలోకి తోసేశాకే అలలు తగ్గాయి. ఇప్పటికీ నంబుకెలేవు మనిషి ఒక్కడు దగ్గర్లో ఉన్నా తాబేళ్ళు రావంటారు.

ఈ ఆఖరి మాట నాకు తట్టి ఉంటే ఆ రోజుకి కలం మూసేసి హాయిగా నిద్రపోయేవాణ్ణి. ఒకరోజు పాట పాడారు, తాబేళ్ళు రాలేదనుకో. గుట్టమీద ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కొత్తగా వచ్చిన కోడలి పుట్టిల్లు ఎక్కడ? పడవ దిగిన ఆ వర్తకుడి తాత ఎవరు? మంత్రం లేదు, మెరుపు లేదు, కథ మాత్రం మొదలైపోయింది.

ఇంకొకటి. నీ దీవిలో అందరిదీ ఒకే మోతాదు భక్తి. అలా ఎక్కడుంటుంది? హవాయిలో సొర కొన్ని కుటుంబాలకు పూర్వీకుడు, మిగతావాళ్ళకు ఉత్త సొర. దాన్ని మేపి చూసుకునే బాధ్యత ఒక మనిషిది, ‘కహు’ అంటారు. నీ చేపను ఎవరు మేపుతారు? వాళ్ళకు జ్వరమొస్తే ఆ పని ఎవరి నెత్తిన పడుతుంది? ఇక ఫిజీ మూలవాసుల్లో చాలామంది ఈనాడు మెథడిస్టు క్రైస్తవులే, అయినా దాకువంగ కథ పోలేదు. నమ్మకాల్లో ఆ కలగలుపు కూడా రాయాలి.

పూజ సంగతి చెబితే నొచ్చుకోకు. పసిఫిక్ మధ్యలో దీవి పెట్టి పసుపూ, కుంకుమా, వేపమండలూ తెచ్చావు. అది మన గంగమ్మ జాతర. తెలుగువాళ్ళు అక్కడ ఉండి తీరాలంటే నిజమైన దారే ఉంది: 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో కూలి ఒప్పందం మీద ఓడెక్కి ఫిజీ చెరకుతోటలకు పోయినవాళ్ళలో మనవాళ్ళున్నారు. అలాంటి ఒక కూలీ మొదటిసారి ఆ సొర మాట విన్నప్పుడు ఏమనుకున్నాడో ఊహించు. అప్పుడు గంగమ్మ గుర్తొస్తే అర్థముంది.

గుమాస్తాలను కూడా మరిచిపోకు. న్యూజిలాండులో పెలోరస్ జాక్ అనే డాల్ఫిన్ ఏళ్ళ తరబడి ఫ్రెంచ్ పాస్ అనే ఇరుకు జలసంధి దగ్గర ఓడల వెంట ఈదేది. అక్కడి మూలవాసులైన మావోరీలు దాన్ని తుహిరంగి అనే జలదైవంగా చెప్పుకున్నారు. 1904లో ప్రభుత్వం దానికి హాని చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. దైవం సర్కారు కాగితంలోకి ఎక్కితే ఎంత కథ పుడుతుందో! నీ దీవిలో ఒక్క ఆఫీసూ లేదు.

తోకలు ఏడూ ఉంచుకో, నాకేం అభ్యంతరం లేదు. మాటలు తీసెయ్, వైద్యం మాన్పించు. రెండో పేజీలో ముసలమ్మ ఆ చేప జాతిని కూరొండనివ్వదని ఒక్క ముక్కలో అనేసి పోయావు. ఎందుకు వండనివ్వదో, చాటుగా వండిన కోడలికి ఏమైందో ముందు అది రాయి. సంక్రాంతి లోపు పంపితే చదివి పెడతాను.

ఆశీస్సులతో,
మాస్టారు