రెండు సెకన్ల డ్రమ్స్‌కు కూడా అనుమతి కావాలా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. కాలేజీలో చదువుతున్న మా అబ్బాయి హిప్‌హాప్ బీట్లు చేస్తుంటాడు. బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్ పాట 'వెన్ ది లెవీ బ్రేక్స్' మొదట్లో వచ్చే డ్రమ్స్‌లో రెండు సెకన్ల ముక్క తీసి, వేగం మార్చి, లూప్ చేసి (మళ్లీ మళ్లీ వచ్చేలా చేసి) తన పాటకు వాడాడు. స్పాటిఫైలో పెడతానంటున్నాడు. ఆరు సెకన్ల లోపైతే ఫర్వాలేదని, పైగా అది యాభై ఏళ్లు దాటిన పాటని వాడి వాదన. నాకేమో టెన్షన్‌గా ఉంది. కేసు అవుతుందా?

జవాబు: కావచ్చు. ఆ పాటను ఇప్పుడున్నట్టుగా పెట్టొద్దని చెప్పండి.

ఆరు సెకన్ల నియమం అమెరికా చట్టంలో ఎక్కడా లేదు. పాత పాటన్న వాదనా నిలవదు. ఆ రికార్డు 1971 నవంబరులో వచ్చింది. 1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన రికార్డింగులకు 2018లో వచ్చిన చట్టం ఫెడరల్ రక్షణ ఇచ్చింది. ఈ రికార్డుకు అది 2067 ఫిబ్రవరి దాకా ఉంటుంది.

మరి రెండు సెకన్లు మరీ చిన్న ముక్క కదా అంటే, కోర్టులే ఒక మాట మీద లేవు. రెండు సెకన్ల గిటార్ ముక్క కేసులో ఆరో సర్క్యూట్ అప్పీల్ కోర్టు (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్ కోర్టు) 2005లో 'లైసెన్స్ తీసుకోండి, లేదంటే శాంపిల్ చేయకండి', అంటే వేరేవాళ్ల రికార్డింగు ముక్క వాడకండి అని తేల్చేసింది. మడోనా పాట 'వోగ్' కేసులో 2016లో తొమ్మిదో సర్క్యూట్ దానితో విభేదించింది. సెకనులో నాలుగో వంతు కూడా లేని హార్న్ శబ్దాన్ని మామూలు శ్రోత గుర్తుపట్టలేడంది. మీరుండే టెక్సస్ ఈ రెండు కోర్టుల కిందికీ రాదు. సుప్రీంకోర్టు ఈ తేడా తేల్చలేదు. పైగా మీవాడు తీసుకున్న ముక్క మొదటి దెబ్బకే గుర్తుపట్టేది, దాన్నే లూప్ చేసి పాటంతా నడిపించాడు. కాబట్టి 2016 తీర్పు కూడా ఆదుకుంటుందని నేను అనుకోను. హిప్‌హాప్ బృందం బీస్టీ బాయ్స్ 1986లో ఇదే డ్రమ్స్‌తో ఆల్బమ్ మొదలుపెట్టారు కదా అని అడుగుతాడేమో. ఆ రోజులు వేరు. అనుమతి లేకుండా శాంపిల్ చేసిన రాపర్ బిజ్ మార్కీ మీద 1991లో వచ్చిన తీర్పుతో పరిశ్రమ పద్ధతే మారిపోయింది.

మీ అబ్బాయికి అర్థం కావాల్సింది ఒకటుంది. లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ వాయించిన ఆ మామూలు దరువు మీద ఒక్కరికే హక్కుందని నిరూపించడం కష్టం. గట్టి హక్కు ఉన్నది రికార్డింగు మీద. హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో డ్రమ్స్ కింద హాల్లో పెట్టి, మైకులు మెట్ల మీదుగా పైన వేలాడదీసి పట్టిన మోత అది. అమెరికా కాపీరైట్ చట్టం 114(బి) సెక్షన్ ప్రకారం, అచ్చం అలాగే వినిపించేలా మళ్లీ సొంతంగా వాయించి రికార్డు చేసుకుంటే రికార్డింగు హక్కు ఉల్లంఘన కాదు. స్నేహితుల్లో డ్రమ్మర్ ఉంటే ఎత్తైన హాల్లో వాయింపించుకోమనండి. దరువు వరకే సుమా, గిటార్, హార్మోనికా జోలికి పోవద్దు.

అసలు ముక్కే కావాలంటే రికార్డు కంపెనీ దగ్గరా, పాట హక్కులున్న పబ్లిషర్ దగ్గరా రెండు అనుమతులు రాతపూర్వకంగా తీసుకోవాలి. అంత పెద్ద పాటకు విద్యార్థి భరించగలిగే ధర వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అనుమతి లేకుండా వాడి ఓడిపోతే, కావాలనే చేశాడని తేలిన కేసుల్లో చట్టం ఒక్కో కృతికి 1,50,000 డాలర్ల దాకా పరిహారం వేయనిస్తుంది.

పాటను స్పాటిఫైకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఖాతా మీ పేరున తెరవకండి. 'హక్కులన్నీ నావే' అని అక్కడ ఒప్పుకునేది ఖాతాదారుడే. కొత్తగా వాయించిన డ్రమ్స్ ఒరిజినల్ ఫైళ్లు, డ్రమ్మర్ రాసిచ్చిన అంగీకారం దాచి ఉంచమనండి. రేపు ఎవరైనా నోటీసు పంపితే చూపించాల్సింది అవే.