ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన పడుతుంటే కాలవల్లో బోటు టూర్‌కి వెళ్ళడం దండగేనా?

వెళ్ళండి. దండగయ్యేది వాన వల్ల కాదు, అద్దాల వల్ల. ఇది నేను డబ్బులు పోసి నేర్చుకున్న ముక్క.

మేం వెళ్ళింది అక్టోబరులో. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రేవులో బోటెక్కేసరికే జల్లు మొదలైంది. పైనా పక్కలా అద్దాలే కదా, తడవకుండా అన్నీ చూడొచ్చని మురిసిపోయాం. బోటు నిండా జనం తడి కోట్లతో వచ్చి కూర్చున్నారు, తలుపు మూశారు. పది నిమిషాల్లో అద్దాలన్నీ ఉడుకుతున్న అన్నం గిన్నె మూతలా అయిపోయాయి.

చెవిలో ఆడియో గైడ్ మాత్రం ఆగదు. ప్రిన్సెన్‌గ్రాక్ట్ కాలవ, డైరీ రాసిన యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్ నాజీలకి చిక్కకుండా దాక్కున్న 263 నంబరు ఇల్లు, చూడండి అంది. మా ఆవిడ స్వెటర్ చేత్తో అద్దం తుడిస్తే కనిపించింది ఓ హౌస్‌బోట్ కిటికీ. లోపల ఒక పెద్దావిడ కప్పు పట్టుకుని మమ్మల్నే చూస్తోంది. వాన పూట ఆవిడకి కాలక్షేపం మేమేనేమో. అసలీ ఆడియో గైడ్‌లంటేనే నాకు మంట, బోటు ఎక్కడుందో వాటికి పట్టదు. రెగులియర్స్‌గ్రాక్ట్ కాలవ మలుపులో ఏడు వంతెనలు ఒకదాని వెనక ఒకటి వరసగా కనిపిస్తాయి. బోటులో అందరూ ఫోన్లెత్తి ఆవిరిని ఫొటో తీశారు.

ఇక లాభం లేదని గొడుగు పట్టుకుని వెనక డెక్ మీదికి పోయాను. నా టూర్ అక్కడ మొదలైంది. ప్రతి ఇంటి నొసటా ఒక దూలం, దానికో కొక్కెం. లోపల మెట్లు నిట్టనిలువుగా, ఇరుగ్గా ఉంటాయి కాబట్టి బీరువాలూ మంచాలూ తాడు కట్టి పైకి లాగి కిటికీలోంచి లోపలికి చేరుస్తారు. సామాను గోడకి కొట్టుకోకుండా చాలా ఇళ్ళని కావాలనే ముందుకి వాల్చి కట్టారు. వాన కోసం కూడా అని నా నమ్మకం. పై అంచు నుంచి జారే చుక్కలు గోడకి తగలకుండా కింద పడటం నా కళ్ళతో చూశాను. చరిత్రకారులు ఒప్పుకోకపోతే పోనీండి.

అయినా ఆ ఊళ్ళో తడిని తిట్టుకోకూడదు. మేం బయల్దేరిన చోట ఉన్న స్టేషన్ నిలబడిందే 8,687 కొయ్య దుంగల మీద. దుంగ నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం గట్టిగా ఉంటుంది. నీటి మట్టం తగ్గి గాలి తగిలిందా, కుళ్ళు మొదలు.

మీరు టికెట్ కొనేముందు ఒక్కటే అడగండి, బయట నిలబడే చోటుందా అని. రెయిన్‌కోటు వేసుకోండి, గొడుగు మాత్రం వద్దు. నాది ఒక వంతెన కింద గాలి లాక్కుపోయింది. ఆ కాలవల్లోంచి ఏటా వేల సైకిళ్ళు బయటికి తీస్తుంటారు. ఏదో ఒక సైకిలుకి చిక్కుకుని నా గొడుగూ పైకొచ్చే ఉంటుంది.