‘బానే ఉంది తమ్మీ’ దగ్గరే ఆగిపోతున్నారా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఊరు. బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నా. మా ఊరి అన్న ఒకాయన పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో, క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో) చేస్తున్నడు. ఎట్లుందని అడిగితే ‘బానే ఉంది తమ్మీ’ అంటడు. ఇంకేం అడగాలె?

జవాబు: ‘ఎట్లుంది?’ అంటే మర్యాదకు చెప్పే జవాబే వస్తుంది. అభిప్రాయం వదిలి, చేసిన పని అడగండి. ‘అన్నా, నిన్న డ్యూటీ ఎక్కినకాడి నుంచి దిగేదాకా ఏమేం చేసినవ్?’ అంటే శాంపిళ్లు తూచడం, ద్రావణాలు కలపడం, హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో కొలిచే యంత్రం) నడపడం, ప్రతి పనినీ అప్పటికప్పుడు రికార్డు చేయడం ఒక్కొక్కటే బయటికొస్తాయి. రికార్డు మాట రాగానే తర్వాతి ప్రశ్నకు ఉరకకండి. ‘రాతలో తప్పు పోతే ఏం చేస్తరు?’ అని అక్కడే తవ్వండి. తప్పు మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టాలి. వైట్‌నర్ ముట్టకూడదు. రోజంతా ఇంత పట్టింపుగా ఉండగలరా లేదా అన్నది మీకే తెలిసిపోతుంది.

‘క్యూసీ మంచిదే కదా అన్నా?’ అని మాత్రం అడగొద్దు. జవాబు మీరే చెప్పి ఆయన్ని తలూపమన్నట్టు ఉంటుంది. మూడు ప్రశ్నలు ఒకే ఊపిరిలో అడిగినా ఆఖరిదానికే జవాబొస్తుంది. ఒకటి అడిగి ఆగండి. నాలుగైదు సెకన్లు ఊరుకుంటే చాలామంది ‘కాకపోతే...’ అని అసలు సంగతి ఎత్తుకుంటారు. మనవాళ్లకు ఆ మౌనమే కష్టం!

‘నీ జీతమెంత?’ అంటే మొహమాటం. ‘ఇప్పుడు కొత్తగా చేరేటోళ్లకు కటింగులు పోను చేతికెంతొస్తది?’ అనండి. చేతికని ఎందుకంటే, పీఎఫ్‌కు మామూలుగా బేసిక్, డీఏల మీద 12 శాతం కోత పడుతుంది. కంపెనీ కట్టే వాటాను కూడా సీటీసీలో (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చులో) కలిపి చూపిస్తారు కాబట్టి, ఆ అంకెను నమ్ముకుంటే మొదటి నెలే నిరాశ. ‘పేస్లిప్ కంపెనీ పేరు మీద వస్తదా, కాంట్రాక్టర్ పేరు మీదనా?’ అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న. ఎన్నాళ్లకు పర్మనెంట్ చేస్తారన్నది దాని వెనకే రావాలి.

నైట్ డ్యూటీ దిగిన పొద్దున ఫోన్ చేయకండి. వీక్లీ ఆఫ్ ఎప్పుడో కనుక్కొని, పావుగంట చాలని ముందే చెప్పండి. మాట ముగించే ముందు ‘ప్రొడక్షన్‌లో నీకు తెలిసినోళ్లు ఎవరన్నా ఉన్నరా?’ అని అడగండి. ల్యాబ్‌లో ఉన్నాయనకు ప్రొడక్షన్ పని కొంతవరకే తెలుస్తుంది.